జతపరచినవి: చెదపురుగులు, సుమారు రెండు వందలు

గౌరవనీయులైన పరిశోధనా సహాయ విభాగం సూపరింటెండెంటు గారికి,

నమస్కారాలు. నేను కీటకశాస్త్ర విభాగంలో మూడో సంవత్సరం పరిశోధక విద్యార్థిని. పరిశోధన చేసే విద్యార్థులకు విశ్వవిద్యాలయం ఈసారి ప్రకటించిన ఏడు సహాయ నిధుల్లో ఒకదానికి ఈ దరఖాస్తు పెట్టుకుంటున్నాను.

నా విషయం చెదపురుగులు. అవి ఏ కాగితం తింటాయి, ఏది ముట్టవు, ఎందుకు ముట్టవు అన్నది మూడేళ్ళుగా చూస్తున్నాను. ఒక రకం బెరడు, కొన్ని గింజలు కలిపి ఉడికించిన జిగురు ఒకటి తయారుచేశాను. అది పూసిన కాగితం జోలికి అవి రావని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని రుజువు చేయడానికే ఈ నిధి కావాలి.

తొందరపెడుతున్నానని అనుకోకండి. మా విభాగాధిపతి గారు నెలాఖరులోగా మంజూరు ఉత్తరం చూపించమన్నారు. లేకపోతే నా గది ఖాళీ చేయించి పరీక్షల కుర్చీలు పెట్టుకుంటారట. ఇంట్లో మావయ్య తన ప్లైవుడ్ కొట్లో నాకోసం కుర్చీ వేసి, తుడిచి మరీ ఉంచాడు. నాకు ఆ కుర్చీలూ వద్దు, ఈ కుర్చీ కూడా వద్దు.

ఇట్లు
పరిశోధక విద్యార్థిని,
మేడమీద మూడో గది

తా.క.: మీ ఫారంలో "ఈ పరిశోధన వల్ల ఎవరికి లాభం" అన్న గడి అర అంగుళమే ఉంది. అందులో "అందరికీ" అన్న మాట మాత్రమే పట్టింది. గర్వం అనుకోవద్దు, చోటు చాలక.

* * *

పరిశోధక విద్యార్థిని గారికి,

తమరి దరఖాస్తు అందినది, పరిశీలించడమైనది, లోపాలున్నందున తిప్పి పంపడమైనది.

తొమ్మిదో గడిలో "పరిశోధనా వస్తువు నమూనా జతపరచవలెను" అని స్పష్టంగా ఉన్నది. తమరు జతపరచలేదు. పన్నెండో గడిలో "పరిశోధనలో పాల్గొను సజీవుల అంగీకార సంతకములు" అని ఉన్నది. తమరు అక్కడ ఒక గీత గీసి వదిలేశారు. గీతను సంతకంగా పరిగణించడానికి నిబంధనలు ఒప్పుకోవు.

సవరించి మళ్ళీ పంపగలరు. ఉత్తరాలు తపాలాలోనే పంపవలెను. మన రెండు భవనాల మధ్య వరండా ఒక్కటే ఉన్నదన్న సంగతి నాకూ తెలుసు. అయినా చేతికి ఇచ్చిన కాగితం ఈ ఆఫీసులో కాగితం కాదు.

ఇట్లు
సూపరింటెండెంటు,
పరిశోధనా సహాయ విభాగం

తా.క.: తమరి దరఖాస్తు నుండి ఏదో చేదు వాసన వస్తున్నది. వాసన గురించి నిబంధన ఏదీ లేనందున అభ్యంతరం చెప్పడం లేదు.

* * *

గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం వరండా దాటి నా దగ్గరికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. నా చెదపురుగు ఒకటి బయలుదేరి ఉంటే ఈపాటికి రెండుసార్లు వచ్చి వెళ్ళేది.

చేదు వాసన ఆ జిగురుదే. దరఖాస్తు కాగితాలన్నిటికీ పూశాను. నా మందు నేనే వాడకపోతే ఇంకెవరు వాడతారు?

ఇక తొమ్మిదో గడి. నా పరిశోధనా వస్తువు ప్రాణమున్న చెదపురుగు. దాన్ని కాగితాలుండే ఆఫీసుకి పంపడమంటే పిల్లిని పాలగిన్నె పక్కన కట్టేసినట్టే. దయచేసి మరోసారి ఆలోచించండి. పన్నెండో గడి సంగతి మరీ కష్టం. వాటికి చదువు రాదు. కాగితం ఇస్తే సంతకం పెట్టవు, తినేస్తాయి. నేను అడిగి చూడలేదనుకోకండి.

నెలాఖరుకి ఇంక ఇరవై రెండు రోజులే ఉంది. నేను మాత్రం పట్టు విడిచేదాన్ని కాను, ముందే చెబుతున్నాను.

ఇట్లు
మూడో గది విద్యార్థిని

తా.క.: నా కిటికీలోంచి మీ బల్ల కనబడుతుంది. నా మొదటి దరఖాస్తు చదువుతూ మీరు రెండుసార్లు నవ్వారు. నవ్వి కూడా తిప్పి పంపారే!

* * *

పరిశోధక విద్యార్థిని గారికి,

తమరి వివరణ చదివాను. నిబంధనల పుస్తకానికి ప్రాణమున్నదీ లేనిదీ అన్న తేడా లేదు. నమూనా అంటే నమూనాయే. భూగర్భ శాఖ వారు రాళ్ళు జతపరిచారు. నేత పని మీద పరిశోధించే ఆయన మగ్గంలో సగం జతపరిచారు, ఇప్పటికీ మా మెట్ల కింద ఉన్నది. తమరికి మాత్రం మినహాయింపు ఎందుకు?

సంతకాల విషయంలో తమరి ఇబ్బంది గ్రహించాను. నిబంధన ఇరవై రెండు ప్రకారం సంతకం చేయలేని వారి తరఫున సంరక్షకులు చేయవచ్చు. చెదపురుగులకు తల్లిదండ్రులు అందుబాటులో లేనందున తమరే సంరక్షకురాలిగా సంతకం చేసి పంపగలరు.

నేను ఈ కుర్చీలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా కూర్చుంటున్నాను. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. ఇప్పటివరకు నా చేతిలో ఒక్క కాగితం పోలేదు, ఒక్క నిబంధన తప్పలేదు. తమరి కోసం మొదలుపెట్టను.

ఇట్లు
సూపరింటెండెంటు

తా.క.: కిటికీకి తెర వేయించాను. నవ్విన మాట నిజమే. అది ఆఫీసు పనివేళల్లో జరిగినందున లెక్కలోకి రాదు.

* * *

గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి,

మీరు అడిగారు కాబట్టి పంపుతున్నాను. జతపరచినవి: పత్రాలు పన్నెండు, గాజుసీసా ఒకటి, అందులో చెదపురుగులు సుమారు రెండు వందలు.

సీసా మూతకి సన్నటి జాలీ ఉంది, గాలి ఆడుతుంది. లోపల తడి కాగితం పెట్టాను, అదే వాటి అన్నం, అదే మంచం. నీలం రంగులో ముంచిన కాగితం మేపుతాను. అందుకని వాటి పొట్టలు నీలంగా ఉంటాయి. బయటి పురుగుల్లో కలిసిపోయినా నావి ఏవో తెలియాలి కదా! మూడేళ్ళ పరిశోధనకి ఇదే ఆధారం.

సీసా మూత మాత్రం తీయకండి. సీసా మీద కూడా అదే రాశాను, మూడుసార్లు, ఎర్ర సిరాతో. పన్నెండో గడిలో సంరక్షకురాలిగా సంతకం చేశాను. మా పెద్దమ్మ చూసి, "పెళ్ళి కాకుండానే రెండు వందల మంది పిల్లలా!" అని ఒకటే నవ్వు. ఆవిడ కుట్టుమిషను పక్కనే నా మంచం. నేను ప్లైవుడ్ కొట్లో కూర్చుంటానంటే ముందు కళ్ళ నీళ్ళు పెట్టుకునేది కూడా ఆవిడే. ఈ సంగతి ఫారంలో ఏ గడిలోనూ పట్టలేదు.

ఇట్లు
మూడో గది విద్యార్థిని

తా.క.: తపాలా ఆఫీసు ఆయన పొట్లంలో ఏముందని అడిగితే నిజం చెప్పాను. పొట్లాన్ని వేరే సంచీలో వేసి, ఆ సంచీని మరో సంచీలో వేశాడు.

* * *

పరిశోధక విద్యార్థిని గారికి,

తమరి దరఖాస్తు, జతపరచినవి అందినవి. ఒక అభ్యంతరం.

"సుమారు" అన్న మాట ఈ ఆఫీసులో చెల్లదు. జతపరచిన ప్రతి వస్తువునూ లెక్కించి, సరిపోయినట్టు ధ్రువీకరించిన మీదటే ఫైలు బీరువాలోకి వెళ్తుంది. అందుచేత నిన్న మధ్యాహ్నం అటెండరు సాక్షిగా సీసా మూత తీసి, తెల్ల కాగితం మీద పరిచి, పెన్సిలు మొనతో పదేసి చొప్పున విడదీసి లెక్కించడమైనది. మొదటిసారి నూట ఎనభై ఏడు, రెండోసారి నూట తొంభై ఒకటి, మూడోసారి నూట ఎనభై ఏడు. మూడింట రెండు కాబట్టి నూట ఎనభై ఏడునే ఖాయం చేశాను.

రెండు వందలు అని తమరు రాశారు. తక్కిన పదమూడు ఎక్కడ? వారం లోపల సంజాయిషీ ఇవ్వవలెను.

ఇట్లు
సూపరింటెండెంటు

తా.క.: పొట్టల నీలం రంగు తమరి ఫారంలోని "గుర్తింపు చిహ్నములు" అన్న గడిలో లేదు. నేనే చేర్చి పొట్టి సంతకం చేశాను. ఈ మేలుకి కృతజ్ఞత అక్కర్లేదు.

* * *

సూపరింటెండెంటు గారూ,

మూత తీశారా?! ఎర్ర సిరాతో మూడుసార్లు రాసింది ఎవరి కోసమనుకున్నారు, ఆ పురుగుల కోసమా?

ఆ పదమూడూ సీసాలో తగ్గి రాలేదండీ, మీ లెక్కలోనే తప్పిపోయి ఉంటాయి. మీరు పదేసి చొప్పున విడదీస్తుంటే వెనక వరసలోవి ఊరుకుంటాయా? రెండోసారి నాలుగు తిరిగొచ్చి, మూడోసారి మళ్ళీ పోయాయంటే మీ బల్ల మీదే ఎక్కడో షికారు చేస్తున్నాయన్నమాట. ముందు సీసా మూత బిగించండి. తరవాత బల్ల మీద తడిగా ఏముందో చూడండి. అవి తడి లేనిచోట బతకలేవు.

తెర వల్ల నాకు ఇక్కడినుంచి ఏమీ కనబడటం లేదు. తెర మీద మీ నీడ మాత్రం వంగుతూ లేస్తూ ఉంది. వెతుకుతున్నారనే అనుకుంటున్నాను. కాగితాల భద్రత కోసం వచ్చి నేనే వెతకనా అంటే, చేతికి దొరికిన మనిషి మీ ఆఫీసులో మనిషి కాదని అటెండరు గుమ్మంలోంచే వెనక్కి పంపాడు.

నెలాఖరుకి పది రోజులుంది. నా దరఖాస్తు బీరువాలోకి వెళ్ళిందా లేదా? అది ఒక్కటి చెప్పండి.

ఇట్లు
మూడో గది విద్యార్థిని

తా.క.: సంజాయిషీ అడిగారు కదా, ఇదే సంజాయిషీ. నా పిల్లల్లో ఎక్కువ మంది బుద్ధిమంతులే. పదమూడు మందికే లోకం చూడాలనిపించింది.

* * *

పరిశోధక విద్యార్థిని గారికి,

తమరి దరఖాస్తు బీరువాలోకి వెళ్ళింది. వెళ్ళకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఈ ఉదయం ఎంపిక సంఘం వారికి చూపించడానికి చెక్క బీరువా కింది అర తెరిచాను. వచ్చిన దరఖాస్తులు మొత్తం ఏడు. పైన ఉన్నది ఎత్తితే అట్ట చేతికొచ్చింది, లోపల కాగితం లేదు. మట్టి. రెండోదీ అంతే. పక్కన పాత సంవత్సరాల ఫైళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ముట్టుకుంటే కూలబడ్డాయి. అక్కడికక్కడే తలుపు మూసి తాళం వేసి కూర్చున్నాను.

తమరి పదమూడు చెదపురుగులు ఈ ఘాతుకం చేశాయి. నిబంధన ఇరవై రెండు ప్రకారం సంరక్షకురాలిగా సంతకం చేసిన తమరే దీనికి బాధ్యులు. దరఖాస్తులు నష్టపోయినందున ఈ ఏటి నిధులు ఏడూ రద్దు చేయాలని సంఘం వారు అనుకుంటున్నారు. మూడు రోజుల్లో చివరి సమావేశం, అందుకే ఈ ఉత్తరం ఒక్కరోజులో అందే అర్జంటు తపాలాలో వేస్తున్నాను, తమరూ అలాగే పంపగలరు.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక్క కాగితం పోనివ్వలేదని తమరికి గొప్పగా రాశాను. ఆ మాట ఇప్పుడు మళ్ళీ చదువుకోవడానికి నాకే ముఖం చెల్లడం లేదు.

ఇట్లు
సూపరింటెండెంటు

తా.క.: ఏమీ లేదు.

* * *

గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి,

నమస్కారాలు. తాజాకలం కింద మీరు "ఏమీ లేదు" అని రాయడం చూసి నాకు ఏడుపొచ్చింది. తరవాత కోపమొచ్చింది. ఈ ఉత్తరం ఆ కోపంలో రాస్తున్నాను, కాబట్టి కుర్చీలో గట్టిగా కూర్చుని చదవండి.

నా పిల్లలు ఆ పని చేయలేదు. సంరక్షకురాలిగా చెబుతున్నాను, రుజువుతో సహా చెబుతున్నాను. పదమూడు చెదపురుగులు కలిసి ఈ పన్నెండు రోజులూ నిద్ర మాని తిన్నా, మీరు పెన్సిలు ఒకసారి చెక్కితే రాలే పొట్టంత కూడా తినలేవు. ఒక అర నిండా ఫైళ్ళు మట్టి కావాలంటే వేలకి వేలు ఉండాలి, ఏళ్ళకి ఏళ్ళు పట్టాలి. అంతమంది ఉంటే ఈ ఏటి దరఖాస్తులు వాటికి నాలుగు రోజుల ఫలహారం. మీ బీరువాలో ఉన్నవి నేను పుట్టకముందునుంచీ అక్కడ కాపురం ఉంటున్నాయేమో!

నమ్మకం లేకపోతే చూడండి. తాళం తీయండి. భయపడకండి, అవి మనుషుల్ని తినవు. ఆ మట్టిలో తిరిగేవాటి పొట్టలు చూడండి. నీలంగా ఉంటే నావి, ఆ క్షణమే ప్లైవుడ్ కొట్లో కుర్చీ ఎక్కుతాను. తెల్లగా ఉంటే మీవి. "గుర్తింపు చిహ్నములు" అన్న గడిలో నీలం రంగు చేర్చి సంతకం పెట్టింది మీరే, గుర్తుందా?

రెండో మాట. ఏడింటిలో పైవి మాత్రమే చూసి తలుపు మూశారో ఏమో, నా దరఖాస్తు గురించి ఒక్క ముక్కా రాయలేదు. అది ఎలా ఉందో చూడండి. ఎలా ఉందో నాకు తెలియదు. నిజంగానే తెలియదు. ఈ పరీక్ష పెట్టుకోవడానికే కదా నేను మీ నిధి అడిగింది! మీరు పైసా ఖర్చు లేకుండా పెట్టించారు.

మూడో మాట. దరఖాస్తులు పాడైతే నిధులు రద్దు చేయాలని ఏ నిబంధనలో ఉంది? ఆ పేజీ నకలు పంపండి. నా ఒక్కదాని కోసం అడగడం లేదు. తక్కిన ఆరుగురూ నాలాగే కాళ్ళరిగేలా తిరిగి ఆ కాగితాలు పోగుచేసుకున్నారు. వాళ్ళ పేర్లు, వచ్చిన ప్రతి కాగితం ఎక్కించే మీ బల్ల మీది ఆవక రిజిస్టరులో ఉన్నాయి, అది బీరువాలో లేదు. పేజీ పంపితే నోరు మూసుకుంటాను. పంపకపోతే ఎల్లుండి సమావేశం గది ముందు నా గదిలో మిగిలిన చెదపురుగులన్నిటితో సహా బైఠాయిస్తాను.

ఇట్లు
మూడో గది విద్యార్థిని

తా.క.: ఆ పాత ఫైళ్ళు మీ చేతిలో పోలేదండీ. మీ చేతికి రాకముందే ఎప్పుడో పోయి, అట్ట మాత్రం మీకు అప్పగించి ఉంటారు. నేను ఊరడింపుకి అనడం లేదు, చెదపురుగుల తిండి వేగం లెక్క చూసి అంటున్నాను.

* * *

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఈ ఉత్తరం టైపు చేయించలేదు, నా చేత్తో రాస్తున్నాను. ఆఫీసు నకలు కూడా తీయడం లేదు. అందుకని "తమరు" మానేసి మామూలుగా మాట్లాడతాను.

నువ్వు చెప్పినట్టే కుర్చీలో గట్టిగా కూర్చుని చదివాను. తరవాత తాళం తీశాను. మా మనవరాలి బొమ్మల భూతద్దం తెచ్చి, మట్టిలో తిరిగేవాటిని ఒక్కొక్కటే చూశాను. ఒక్కటీ నీలం లేదమ్మా. అన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి. అన్నీ మావే.

అడుగున నీ దరఖాస్తు ఉంది. దాని మీదా కిందా, ఇటూ అటూ మట్టి. పన్నెండు పత్రాల్లో ఒక్క మూల కూడా పోలేదు. ఆ చేదు వాసన ఇంకా వస్తోంది. దాన్ని రెండు చేతులతో తీసుకుని ఎంతసేపు నుంచున్నానో నాకే తెలియదు. అటెండరు "ఒంట్లో బాగాలేదా సార్" అని అడిగాడు.

తరవాత నువ్వడిగిన పేజీ నకలు తీయడానికి నిబంధనల పుస్తకం దింపాను. ఎర్రగుడ్డలో మూట కట్టి బీరువా నెత్తిన ఉంటుంది. నేను దాన్ని విప్పి చాలా కాలమైంది. అవసరం ఏముంది? మొత్తం కంఠతా వచ్చు కదా! ముడి విప్పాను, అట్ట తెరిచాను. లోపల పుస్తకం లేదు. ఇంత మట్టి, నాలుగు కుట్టుదారాలు. అంతే.

అమ్మాయీ, ఇన్నేళ్ళు నేను ఎవరికి మంజూరు చేశానో, ఎవరికి తిప్పి పంపానో అంతా ఆ మట్టి చూపించే చేశాను. అసలు తొమ్మిదో గడికి నమూనా పంపి తీరాలన్న నిబంధన ఉందా? ఏమో! నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నాయన చెప్పారు. ఆయనకి ఆయన ముందాయన చెప్పారట. పుస్తకంలో నేను చదివానా, వాళ్ళు చెబితే విన్నానా అని ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే, "పోనీలెండి, ఆ బరువు దిగింది" అంది. నాకైతే అన్నం దిగలేదు.

ఇవాళ సమావేశం. సంఘం వారు అయిదుగురూ వచ్చారు. నీ దరఖాస్తు బల్ల మీద పెట్టాను, పక్కన మిగతా ఆరు అట్టలు పెట్టాను. నీ విషయం చదివి పోయిన సమావేశంలో "పురుగుల్ని మేపడానికి నిధా?" అన్న పెద్దమనిషి నీ పేజీ ఒకటి వాసన చూసి పక్కాయనకి ఇచ్చాడు. అయినా అధ్యక్షుల వారు, "ఒక్క దరఖాస్తుతో ఎంపిక ఎలా? ఏడూ రద్దు చేసి వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

అప్పుడు నేను లేచాను. "కుదరదండి" అన్నాను. "దరఖాస్తులు ఆఫీసు కాపలాలో ఉండగా పాడైతే, ఆవక రిజిస్టరులో పేరున్న ప్రతివారికీ నిధి మంజూరు చేసి తీరాలి" అన్నాను.

"ఏ నిబంధన ప్రకారం?" అన్నారు.

"పదిహేడు" అన్నాను.

ఎర్రగుడ్డ మూట ఆయన ముందుకి జరిపాను. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మూట చూశారు, నా ముఖం చూశారు, గడియారం చూశారు. "మీరు చెప్పాక చూసేదేముంది! ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నాం కదా" అని సంతకం పెట్టేశారు. మిగతా నలుగురూ పెట్టారు.

పదిహేడో నిబంధనలో అసలు ఏముండేదో నాకు గుర్తు లేదు. ఇది నేను చెప్పిన మొదటి అబద్ధం. ఏడుగురికి ఏడు మంజూరు ఉత్తరాలు ఇవాళే అర్జంటు తపాలాలో వేస్తున్నాను. నీది ఇందులోనే ఉంది. దాన్ని మీ విభాగాధిపతి ముఖాన చూపించు. మావయ్యగారితో ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమని నా మాటగా చెప్పు. పెద్దమ్మగారికి నమస్కారాలు.

నాలుగు నెలల్లో నేను ఖాళీ. నిబంధనల పుస్తకం మరీ పాతదైపోయిందన్నాను, కొత్తది ఒకటి రాయమన్నారు. రాస్తాను, తొమ్మిదో గడి ఎత్తేసి రాస్తాను. కాగితాలకి పూయడానికి ఆ జిగురు ఎలా ఉడికించాలో వచ్చి నేర్పు. తపాలాలో కాదు, మనిషివే రా. కిటికీ తెర తీయించేశాను.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి,
వరండా అవతలి ముసలాయన

తా.క.: తప్పిపోయిన పదమూడింటిలో పన్నెండు దొరికాయి. నా మంచినీళ్ళ కూజా కింద తడి అట్టలో హాయిగా కాపురం ఉన్నాయి. సీసాలో వేసి మూత బిగించాను. నీ మంజూరు ఉత్తరం విప్పేటప్పుడు కాస్త జాగ్రత్త. ముద్ర పక్కన ఉన్న నీలం చుక్క సిరా కాదు. అది పదమూడోది. అందినట్టు రసీదు పంపగలవు.